ఊళ్లో బేస్ నేర్పేవాళ్లు లేరా? వాకింగ్ బేస్ ఇలా మొదలుపెట్టండి

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం. దక్షిణ ఒడిశాలోని ఈ ఊళ్ల మనవాళ్ల నుంచి నాకు మెసేజ్‌లు వస్తూనే ఉంటాయి. ప్రశ్న దాదాపు ఒకటే. "సార్, జాజ్ బేస్ నేర్చుకోవాలనుంది. ఇక్కడ కీబోర్డ్, గిటార్, తబలా నేర్పేవాళ్లున్నారు గానీ బేస్ నేర్పేవాళ్లు దొరకట్లేదు. ఏ బేస్ కొనమంటారు? ఆన్‌లైన్‌లో వస్తుందా?"

వస్తుంది. నేను బేస్ గిటార్ (పాటకు అడుగున లోతు స్వరాలు ఇచ్చే గిటార్) వాయించి, బేస్ నేర్పి బతికేవాణ్ణి. నా పాఠాల్లో చాలావరకు వీడియో కాల్ మీద ఒక్కొక్కరికీ విడిగా చెప్పేవే. అయితే మొదటి పాఠానికి వచ్చేసరికి ట్యూనింగ్, హమ్ (స్పీకర్‌లో గుయ్‌మనే రొద), చెయ్యి ఎలా పెట్టాలి అన్న దగ్గరే గంట అయిపోతుంది. ఆ గంటకు మీరు డబ్బు కట్టడం నాకు ఇష్టం లేదు. అందుకే ఇది రాస్తున్నాను. ఇందులో ఉన్నది మీ అంతట మీరు చేసుకుని రండి. మాస్టారు దగ్గర చేయాల్సిన పని అప్పుడు మొదలవుతుంది.

లక్ష్యం చిన్నది. బీట్‌కి ఒక నోటు చొప్పున, బార్‌కి (నాలుగు బీట్ల ఆవృత్తానికి) నాలుగు నోట్లు నడిచినట్టు వాయించడాన్ని వాకింగ్ బేస్ అంటారు. అమెరికన్ జాజ్ బ్యాండ్ కౌంట్ బేసీ వాళ్లలో బేసిస్ట్ వాల్టర్ పేజ్ 1930ల్లో దీన్ని నిలబెట్టిన తీరే ఇప్పటికీ పునాది. మీరు 12 బార్ల బ్లూస్‌ను (12 బార్లకోసారి మళ్లీ మొదటికొచ్చే పాట రూపాన్ని) నిమిషానికి 120 బీట్ల వేగంలో, ఆగకుండా రెండు నిమిషాలు నడిపించగలిగితే చాలు.

కావలసినవి

నాలుగు తీగల బేస్ గిటార్ ఒకటి. అయిదు తీగలది ఇప్పుడే వద్దు, మోగకుండా ఆపాల్సిన తీగ ఇంకొకటి పెరుగుతుంది, అంతే. తీగ పొడవు 34 అంగుళాలు ఉండేది మామూలు సైజు. చేతులు చిన్నవైతే 30 అంగుళాల షార్ట్ స్కేల్ హాయిగా ఉంటుంది. జాజ్ వాయించాలంటే "జాజ్ బేస్" కొనాలని షాపులో చెబుతారు. అది ఫెండర్ కంపెనీ 1960లో తెచ్చిన ఒక మోడల్ పేరు మాత్రమే. అదే కంపెనీ 1951లో తెచ్చిన ప్రెసిషన్ తరహాది చేతికొచ్చినా జాజ్ శుభ్రంగా పలుకుతుంది. నిలబెట్టి వాయించే డబుల్ బేస్ సంగతి తర్వాత చూద్దాం. దాని ఖర్చు, రవాణా, మరమ్మతు మన జిల్లాల్లో వేరే కథ.

పాతది కొంటున్నారా? బరంపురంలో మెలోడీ పార్టీల (సినిమా పాటల ఆర్కెస్ట్రాల) వాళ్ల దగ్గర అప్పుడప్పుడు మంచివే దొరుకుతాయి. డబ్బు ఇచ్చే ముందు నాలుగు తీగల మీదా ప్రతి ఫ్రెట్ (బేస్ మెడ మీద అడ్డ కమ్మీలతో విడదీసిన గడి) నొక్కి వాయించి చూడండి. ఎక్కడైనా జీరగా మోగినా, పక్క ఫ్రెట్ శబ్దమే మళ్లీ వచ్చినా అక్కడ ఫ్రెట్ అరిగిందో లేచిందో. వాల్యూమ్ నాబ్ తిప్పితే గరగరమంటే అది చిన్న రిపేరు, భయం లేదు. మెడ మెలి తిరిగి ఉంటే మాత్రం ఎంత చవకకిచ్చినా వద్దు.

ఇంకా కేబుల్, చిన్న ఆంప్ (శబ్దం పెంచే స్పీకర్ పెట్టె) లేదా హెడ్‌ఫోన్ ఆంప్, వైరున్న హెడ్‌ఫోన్, ఫోన్‌లో ట్యూనర్ యాప్, మెట్రోనోమ్ (టిక్ టిక్‌మని వేగం చెప్పే) యాప్, ఫోన్ నిలబెట్టే స్టాండ్ కావాలి. బ్లూటూత్ హెడ్‌ఫోన్ వద్దు. మీరు మీటిన నోటు చెవికి ఆలస్యంగా చేరుతుంది, దాంతో టైమింగ్ పాడవుతుంది. ఫోన్ స్పీకర్ మీద విని "బేస్ వినపడట్లేదు సార్" అనకండి. లావు తీగ ఖాళీగా మోగితే సెకనుకు 41 కంపనాలు. అంత లోతు శబ్దాన్ని ఫోన్ స్పీకర్ పలికించలేదు.

తీగలు ఫ్లాట్‌వౌండ్ (పైన నున్నగా చుట్టినవి) అయితే జాజ్‌కి దగ్గరి శబ్దం వస్తుంది, వేళ్ల రాపిడి చప్పుడూ తగ్గుతుంది. అవి దొరక్కపోతే ఉన్న తీగలతోనే కానివ్వండి. బ్రిడ్జ్ (బాడీ మీద తీగలు బిగించే చోటు) దగ్గర తీగల కింద చిన్న స్పాంజ్ ముక్క దూర్చితే గుండ్రటి, పొట్టి శబ్దం వస్తుంది. చిన్న ఊళ్లలో బేస్ తీగలు దొరకడం కష్టం కాబట్టి ఒక సెట్ ముందే తెప్పించి పెట్టుకోండి. ఆర్డర్ చేసేటప్పుడు మీ బేస్ 34 అంగుళాలదా 30దా చూసుకోండి. షార్ట్ స్కేల్ తీగలు పెద్ద బేస్‌కి చాలవు.

1. ముందు కరెంటు, తర్వాత ట్యూనింగ్

ఆంప్‌ను ఎర్త్ ఉన్న మూడు పిన్నుల సాకెట్‌లోనే పెట్టండి. రెండు పిన్నుల అడాప్టర్‌తో పని కానిస్తే హమ్‌తో పాటు షాక్ ప్రమాదం కూడా ఉంటుంది, ముఖ్యంగా పాత ఇళ్లలో, షామియానా కింద వేసే తాత్కాలిక లైన్లలో. పరీక్ష సులువు. హమ్ వస్తున్నప్పుడు తీగల మీద చెయ్యి పెట్టండి. చెయ్యి పెడితే తగ్గి, తీస్తే పెరిగితే ఎర్తింగో షీల్డింగో చూడాలి. వేలికి చిన్న జివ్వుమన్నా సరే, వెంటనే తీసేసి ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. ఆ ఒక్క విషయంలో సర్దుకుపోవడం కుదరదు.

ట్యూనింగ్ లావు తీగ నుంచి సన్న తీగకు ఇ, ఎ, డి, జి. వీటిని అక్షరాలతో పిలిస్తే "ఈ తీగ", "ఏ తీగ" అని ఒకటే అయోమయం. కాబట్టి ఇక్కడ నంబర్లే వాడతాను. లావుది నాలుగో తీగ, దాని పక్కది మూడోది, ఆ తర్వాత రెండోది, సన్నది మొదటిది.

నాలుగో తీగను ఫోన్ ట్యూనర్ ఒక్కోసారి పట్టుకోదు, ముల్లు అటూ ఇటూ ఊగుతుంది. అప్పుడు 12వ ఫ్రెట్ లోహపు కమ్మీకి సరిగ్గా పైన వేలు తేలిగ్గా ఆనించి, మీటగానే తీసేయండి. గంటలాంటి శబ్దం వస్తుంది. దాన్ని ట్యూనర్ ఇట్టే పట్టుకుంటుంది. ఎప్పుడూ కింది నుంచి పైకి బిగిస్తూ సరిచేయండి. ఎక్కువైతే కొంచెం దించి మళ్లీ ఎక్కించండి. పై నుంచి దించి వదిలేసిన తీగ పాట మధ్యలో జారిపోతుంది.

ఆ గంట శబ్దాన్నీ, 12వ ఫ్రెట్ నొక్కి మీటిన శబ్దాన్నీ ట్యూనర్‌తో పోల్చండి. రెండూ ఒకే చోట నిలవాలి. తేడా ఉంటే బ్రిడ్జ్ సర్దాలి. అది తెలిసినవాళ్లతో చేయించుకోండి.

2. సముద్రం గాలి, కొండ చలి

గోపాల్‌పూర్, ఛత్రపూర్ వైపు ఉన్నవాళ్లకు ఉప్పుగాలి పెద్ద శత్రువు. వాయించిన వెంటనే పొడి నూలుగుడ్డతో తీగల పైనా కిందా తుడిచి, బ్యాగులో సిలికా జెల్ పొట్లాలు వేసి మూసేయండి. గోడకు వేలాడదీస్తే అందంగానే ఉంటుంది, కానీ తీగలకు తొందరగా తుప్పు పడుతుంది. వానాకాలంలో మెడ చెక్క తేమ పీల్చుకుని ముందుకు వంగి తీగలు ఎత్తుగా అనిపిస్తాయి. కోరాపుట్ చలికాలపు పొడిగాలికి మెడ తిన్నగా అయిపోయి ఫ్రెట్లు జీరపెడతాయి. మెడ వంపును సర్దే లోపలి ట్రస్ రాడ్‌ను మీరే తిప్పాలనుకుంటే ఒకసారికి పావు చుట్టు మించకండి, ఒక రోజు ఆగి చూడండి. గట్టిగా ఉందని బలం చూపిస్తే రాడ్ విరుగుతుంది, మెడ మొత్తం పోతుంది.

3. కుడి చెయ్యి

చూపుడు వేలు, నడిమి వేలు మార్చి మార్చి మీటండి. బొటనవేలు పికప్ (తీగల కంపనాన్ని పట్టే పట్టీ) మీదో నాలుగో తీగ మీదో ఆనాలి. మీటిన వేలు పక్కనున్న లావు తీగ మీద పడి ఆగాలి, గాలిలోకి ఎగరకూడదు. ఫింగర్‌బోర్డ్ చివరకు దగ్గరగా మీటితే డబుల్ బేస్‌కి దగ్గరి మెత్తని శబ్దం, బ్రిడ్జ్ దగ్గర మీటితే గట్టి శబ్దం. వాకింగ్‌కి మొదటిదే మేలు.

కరెంటు పోయినప్పుడు ఆంప్ లేకుండా సాధన చేస్తారు కదా. అక్కడొక దురలవాటు పుడుతుంది. వినపడట్లేదని బలంగా గుంజుతారు, కరెంటు వచ్చాక కూడా అదే బలం ఉండిపోతుంది. ఆంప్ లేనప్పుడు బేస్ పై కొమ్మును చెవి వెనక ఎముకకో దవడకో ఆనించి చూడండి, మెల్లగా మీటినా వినిపిస్తుంది.

4. ఎడమ చెయ్యి

మొదటి మూడు ఫ్రెట్ల దగ్గర ఫ్రెట్‌కొక వేలు అని సాగదీయకండి. అక్కడ ఫ్రెట్లు చాలా ఎడంగా ఉంటాయి. మొదటి ఫ్రెట్‌కు చూపుడు వేలు, రెండో ఫ్రెట్‌కు నడిమి వేలు, మూడో ఫ్రెట్‌కు చిటికెన వేలు, దానికి ఉంగరపు వేలు తోడు. డబుల్ బేస్ వాళ్లు తరాలుగా వాడుతున్న పద్ధతి ఇదే. నొక్కేటప్పుడు ఫ్రెట్ కమ్మీకి వెనగ్గా, ఆనుకున్నంత దగ్గరగా నొక్కితే సగం బలం చాలు.

వేళ్ల కొనల మంట మామూలే, వారాల్లో తగ్గిపోతుంది. మణికట్టులో, ముంజేతిలో నొప్పి వస్తే అది మామూలు కాదు. ఆపేయండి. బెల్ట్ పొట్టి చేసి బేస్‌ను పైకి తీసుకురండి. మోకాళ్ల దగ్గర వేలాడే బేస్ ఫొటోకు బాగుంటుంది, మణికట్టుకు బాగోదు.

5. మెట్రోనోమ్‌ను రెండూ నాలుగు మీద వినండి

ఈ ఒక్క మెట్టు సరిగ్గా చేస్తే మిగతాదంతా దాని వెనకే వస్తుంది. ఇది దాటేసినవాళ్లు ఎన్ని స్కేళ్లు నేర్చుకున్నా జాజ్‌లా వినపడదు.

మెట్రోనోమ్‌ను 60 దగ్గర పెట్టండి. ప్రతి టిక్‌ను "రెండు", "నాలుగు" అని లెక్కపెట్టండి. టిక్‌కీ టిక్‌కీ మధ్య ఖాళీలో "ఒకటి", "మూడు" మీరే చెప్పుకోవాలి. అంటే ఒకటి (నిశ్శబ్దం), రెండు (టిక్), మూడు (నిశ్శబ్దం), నాలుగు (టిక్). ఇప్పుడు మీ వేగం నిమిషానికి 120 అయింది. జాజ్ డ్రమ్మర్ హైహ్యాట్ (కాలితో మూసే జంట తాళాలు) మూసేది ఆ రెండూ నాలుగు మీదే.

బేస్ ముట్టుకోకుండా ముందు నోటితో, పాదంతో చేయండి. మొదట్లో చెవి తిరగబడి టిక్‌నే "ఒకటి" అనుకుంటుంది. అలా అయిన ప్రతిసారీ ఆపి మళ్లీ మొదలుపెట్టండి. చిన్నప్పుడు కర్ణాటక సంగీతం నేర్చుకున్నవాళ్లకు మొదటి దెబ్బ సమం మీద వినే అలవాటు ఉంటుంది, వాళ్లకు ఇది కొంచెం ఎక్కువ కాలం పడుతుంది. అదే మనుషులకు తాళం మీద పట్టు కూడా ఎక్కువ. అలవాటయ్యాక ఇట్టే ముందుకెళ్తారు.

తర్వాత ఒక్క నోటే, నాలుగో తీగ మొదటి ఫ్రెట్. బార్‌కి నాలుగు. అది ఎఫ్. నోటు నోటుకూ మధ్య ఖాళీ ఉండకూడదు. ఒక నోటు తర్వాతి నోటు వచ్చేదాకా మోగాలి. మనవాళ్లలో ఎక్కువమంది ఇక్కడే పొరబడతారు, నోటు మీటగానే ఎడమ చెయ్యి వదులు చేసేస్తారు. అప్పుడు నడక టక్ టక్ మని తెగిపోతుంది.

సరిగ్గా ఉందో లేదో ఎలా తెలుస్తుంది? మీ నోటు టిక్ మీద సరిగ్గా పడితే టిక్ దాదాపు మాయమవుతుంది, మీ శబ్దం కింద దాక్కుంటుంది. టిక్ ముందు వినిపించి తర్వాత మీ నోటు వినిపిస్తే మీరు వెనక ఉన్నారు. మీ నోటు తర్వాత టిక్ వినిపిస్తే తొందరపడుతున్నారు. తొందరపడేవాళ్లే ఎక్కువ.

కుదిరాక మెట్రోనోమ్‌ను 30కి దించండి. యాప్‌లో 30 లేకపోతే 40 పెట్టండి, వేగం 160 అవుతుంది, కొంచెం కష్టం. ఇప్పుడు బార్‌కి ఒకటే టిక్, దాన్ని నాలుగో బీట్‌గా వినాలి. ఇందులో రెండు నిమిషాలు నిలబడగలిగితే మీ టైమ్ మీద బ్యాండ్ నడుస్తుంది.

6. 12 బార్ల రూట్ నోట్లు

జాజ్ వాళ్లు వాయించే బ్లూస్‌కి రకరకాల రూపాలున్నాయి. ఏ బార్‌కి ఏ కార్డ్ (కలిపి మోగే నోట్ల గుంపు) అన్న లెక్కన ఎఫ్‌లో ఒక మామూలు రూపం ఇది:

1వ బార్ ఎఫ్ సెవెన్, 2వది బి ఫ్లాట్ సెవెన్, 3, 4 ఎఫ్ సెవెన్.
5, 6 బి ఫ్లాట్ సెవెన్, 7 ఎఫ్ సెవెన్, 8 డి సెవెన్.
9 జి మైనర్ సెవెన్, 10 సి సెవెన్, 11 ఎఫ్ సెవెన్, 12 సి సెవెన్. మళ్లీ మొదటికి.

రూట్లు (కార్డ్‌కు పేరిచ్చే మొదటి నోట్లు) ఎక్కడంటే ఎఫ్ నాలుగో తీగ 1వ ఫ్రెట్, జి నాలుగో తీగ 3, బి ఫ్లాట్ మూడో తీగ 1, సి మూడో తీగ 3, డి రెండో తీగ ఖాళీగా. ప్రతి బార్‌లోనూ రూట్‌నే నాలుగుసార్లు వాయిస్తూ, కార్డ్ పేరు పైకి చెబుతూ 12 బార్లు తిరగండి. ఏ బార్‌లో ఉన్నారో తప్పిపోతే ఆపకండి, చెవితో వెతుక్కుని మొదటి బార్ దగ్గర కలవండి. స్టేజ్ మీద ఆగే అవకాశం ఉండదు.

7. నడక

మొదటి నాలుగు బార్లు రాసిస్తాను. ప్రతి బార్‌కి నాలుగు నోట్లు, తీగ నంబరు, ఫ్రెట్ నంబరు.

1వ బార్: నాలుగో తీగ 1, మూడో తీగ ఖాళీగా, మూడో తీగ 3, మూడో తీగ 2.
2వ బార్: మూడో తీగ 1, రెండో తీగ ఖాళీగా, రెండో తీగ 3, రెండో తీగ 2.
3వ బార్: రెండో తీగ 3, రెండో తీగ 1, మూడో తీగ 3, నాలుగో తీగ 2.
4వ బార్: మొదటి బార్ లాగే. తర్వాత 5వ బార్ మొదటి నోటు మూడో తీగ 1.

ప్రతి బార్ నాలుగో నోటు చూడండి. అది తర్వాతి బార్ రూట్‌కు ఒక్క ఫ్రెట్ పైనో ఒక్క ఫ్రెట్ కిందో ఉంది. మొదటి బీట్‌కు రూట్, మధ్యలో కార్డ్‌లోని నోట్లు, చివరి బీట్‌కు పక్కింటి గుమ్మం. వినేవాళ్లకు "ఇప్పుడు అక్కడికి వెళ్తున్నాం" అని ముందే తెలుస్తుంది. మొదలుపెట్టడానికి ఇంతకు మించిన సూత్రం అక్కర్లేదు.

5 నుంచి 12 బార్లు మీరే రాయండి. నోట్‌బుక్‌లో ముందు అన్ని మొదటి బీట్లు నింపండి, తర్వాత అన్ని నాలుగో బీట్లు, చివరికి మధ్యవి. ఈ వరస తిరగేస్తే చిక్కుపడతారు. కార్డ్ నోట్లు తెలియకపోతే, రూట్ నుంచి నాలుగు ఫ్రెట్లు పైన మేజర్ థర్డ్, ఏడు ఫ్రెట్లు పైన ఫిఫ్త్, పది ఫ్రెట్లు పైన సెవెన్త్. 9వ బార్ మైనర్ కాబట్టి అక్కడ థర్డ్ మూడు ఫ్రెట్లకే.

వీణో వయొలినో నేర్చుకున్నవాళ్లకు ఇంకో దారి. ఎఫ్ సెవెన్ అంటే ఎఫ్‌ను షడ్జం చేసుకుని స, అంతర గాంధారం, పంచమం, కైశికి నిషాదం. హరికాంభోజిలో పట్టుకోవచ్చు. కార్డ్ మారినప్పుడల్లా షడ్జం జరుగుతుంది, అదొక్కటే కొత్త. ఒక హెచ్చరిక. గమకం అలవాటున్న వేలు ఊరుకోదు, ప్రతి నోటునూ కదిలిస్తుంది. నడకలో నోటు తిన్నగా నిలబడాలి. ఆ కోరిక సోలో దాకా దాచుకోండి.

ఖాళీ తీగలతో ఒక ఇబ్బంది ఉంది. మూడో తీగ ఖాళీగా మీటి మూడో ఫ్రెట్‌కు వెళ్తే పరవాలేదు, అదే తీగ కాబట్టి ఆగిపోతుంది. వేరే తీగకు వెళ్తే మాత్రం వెనకది మోగుతూనే ఉండి గందరగోళం అవుతుంది. కుడి బొటనవేలిని కిందికి జార్చి ఆ తీగను ముట్టుకోండి. లేదా ఖాళీ తీగ బదులు దాని పక్కనున్న లావు తీగ 5వ ఫ్రెట్ నొక్కండి, అదే నోటు. శబ్దం కూడా ఎక్కువ సమంగా ఉంటుంది.

మధ్యలో చిన్న తుళ్లింతలు (బీట్ల నడుమ అదనపు నోట్లు) ఎప్పుడు వేయాలని అడుగుతారు. నడక కుదిరాకే. అప్పుడు కూడా బీట్‌ను "తకిట"గా ఊహించుకుని "త", "ట" మీద మాత్రమే వేయండి, అదే స్వింగ్ నడక. సరిగ్గా సగానికి కోస్తే మార్చింగ్ బ్యాండ్‌లా ఉంటుంది.

8. రికార్డ్ చేసి మర్నాడు వినండి

వాయిస్తున్నప్పుడు మీ చెవి మీ పక్షానే మాట్లాడుతుంది. అందుకే రికార్డింగ్. మెట్రోనోమ్ వినపడేలా పెట్టి రెండు నిమిషాలు ఫోన్‌లో రికార్డ్ చేయండి. అదే రోజు వినకండి. మర్నాడు హెడ్‌ఫోన్‌లో వినండి, చేతిలో బేస్ లేకుండా.

మొదటిసారి టైమ్ మాత్రమే. పాదంతో బీట్ వేస్తూ ఎక్కడ కాలు తడబడిందో అక్కడ గీత పెట్టుకోండి. చాలామందికి అది బార్ మారే చోటే, లేదా తీగ దాటే చోట. రెండోసారి నోటు పొడవు, ఎక్కడ తెగింది, ఎక్కడ రెండు నోట్లు కలిసిపోయాయి. మూడోసారి బలం. చూపుడు వేలి నోట్లు గట్టిగా, నడిమి వేలివి మెత్తగా ఉంటే కుంటినడక వినిపిస్తుంది. తప్పు నోట్లను చివర్లో చూసుకోండి. అది అందరికీ వింతగా ఉంటుంది గానీ, టైమ్ బాగున్న తప్పు నోటును వినేవాళ్లు క్షమిస్తారు, టైమ్ తప్పిన మంచి నోటును క్షమించరు.

తర్వాత మీ కార్డ్ నోట్లు నిజంగా వినిపిస్తున్నాయా అని ఒక పరీక్ష. కీబోర్డో గిటారో వచ్చిన స్నేహితుడికి మీ రికార్డింగ్ ఒక్కటే పంపి, కార్డ్‌లు రాసిమ్మనండి. సగం పైన సరిగ్గా రాస్తే మీ లైన్ పని చేస్తోంది.

దీనితో పాటే వినడం. రోజూ ఒక బేసిస్ట్‌ను పట్టుకోండి. ఆస్కార్ పీటర్సన్ ట్రయోలో రే బ్రౌన్, 33 ఏళ్లకే పోయినా అంత సంగీతం ఇచ్చిన పాల్ చాంబర్స్, 1960ల మైల్స్ డేవిస్ క్వింటెట్‌లో రాన్ కార్టర్. కార్డ్‌ల పుస్తకం పక్కన పెట్టి, నాలుగు బార్లు నోటితో పాడగలిగేదాకా వినండి. పాడిన తర్వాతే బేస్ మీద వెతకండి. యాప్‌లో వేగం సగం చేస్తే బేస్ బురదలా వినపడుతుంది, ముప్పావు దాకానే తగ్గించండి.

9. ఇప్పుడు మాస్టారు

ఇక్కడిదాకా వచ్చాక విడి పాఠానికి నిజంగా విలువ ఉంటుంది. ఒకే పుస్తకం అందరికీ చెప్పే పాఠం అయితే వీడియోలు చాలు. విడిగా చెప్పడం ఎందుకంటే ఒక్కొక్కరి తేడా ఒక్కోలా ఉంటుంది.

చర్చిలో వాయించేవాళ్లు నా దగ్గరికి వస్తే టైమ్ బాగుంటుంది, చెవి కూడా మంచిది, కానీ రూట్ దాటి అడుగు వేయరు. వాళ్లకు మొదటి నెల అంతా నాలుగో బీట్ పనే. మెలోడీ ప్రోగ్రాముల్లో వాయించేవాళ్లు దీనికి సరిగ్గా ఉల్టా. చేతులు పరుగెడతాయి, ప్రతి బార్ చివర ఒక ఫిల్ (ఖాళీ నింపే చిన్న విసురు) పడాల్సిందే. వాళ్లకు ఒక్క ఫిల్ కూడా లేకుండా అయిదు నిమిషాలు నడవడం పెడతాను. అది వాళ్లకు శిక్షలా ఉంటుంది, నాకు తెలుసు. గిటార్ నుంచి వచ్చినవాళ్లు నోటును చిన్నగా తెంపేస్తారు, ఎడమ చెయ్యి పైనెక్కడో ఉంటుంది. వాళ్లకు పొడవు నోట్లు, కింది ఫ్రెట్లు. మీరు ఈ మూడింట్లో ఎవరో మీకే తెలుస్తుంది. మాస్టారికి మొదటి మెసేజ్‌లోనే ఆ సంగతి రాయండి.

కాల్ ఏర్పాటు ఇలా. వాట్సాప్ కాల్ మాటల కోసం తయారైంది, బేస్‌ను వెనక చప్పుడనుకుని నొక్కేస్తుంది. జూమ్ వాడితే సెట్టింగ్స్‌లో "ఒరిజినల్ సౌండ్ ఫర్ మ్యుజీషియన్స్" ఆన్ చేయండి. కెమెరాలో మీ ముఖం కన్నా రెండు చేతులూ కనపడటం ముఖ్యం. కుడి వైపు నుంచి, కొంచెం పై నుంచి పెట్టండి.

కాల్‌లో ఇద్దరూ కలిసి వాయించాలని చూడకండి. కుదరదు. 120 వేగంలో బీట్‌కీ బీట్‌కీ మధ్య అర సెకను. నెట్‌లో శబ్దం అటూ ఇటూ రావడానికే అందులో పెద్ద ముక్క పోతుంది. మాస్టారు వాయిస్తే మీరు మైక్ మ్యూట్ చేసి కలవండి, మీరు వాయిస్తే ఆయన వింటారు. సిగ్నల్ బాగోని ఊళ్లలో అయితే ముందు రోజే రికార్డింగ్ పంపి, కాల్‌లో దాని మీద మాట్లాడుకోవడమే మంచిది. వాట్సాప్‌లో పంపితే డాక్యుమెంట్‌గా పంపండి, శబ్దం నలగదు.

డబ్బు విషయం. మొదటిసారే ఆరు నెలల ప్యాకేజీ కట్టకండి. ఒక్క పాఠం తీసుకోండి. ఆ పాఠంలో మాస్టారు మీ చేత ఎంతసేపు వాయించారు, ఆయన ఎంతసేపు వాయించి చూపించారు అని గమనించండి. గంటలో ముప్పావు వంతు ఆయన ప్రదర్శనే అయితే మీకు దక్కింది కచేరీ. పాఠం అయ్యాక వారం ఏం చేయాలో రెండు మూడు ముక్కల్లో, ఏ వేగంలో చేయాలో కూడా రాసివ్వాలి. "బాగా ప్రాక్టీస్ చేయి" అన్నది హోమ్‌వర్క్ కాదు. మీ రికార్డింగ్ వినకుండానే కొత్త పాఠం మొదలుపెట్టే మాస్టారిని, అది నేనైనా సరే, ఎందుకు వినలేదని అడగండి.

వేరే దారి కావాలంటే, విశాఖకో భువనేశ్వర్‌కో వెళ్లే పని ఉన్నప్పుడు అక్కడ వాయించే బేసిస్ట్‌ను ఒక్క గంట అడిగి ఎదురుగా కూర్చోండి. వేళ్ల కోణం, మెడ ఎత్తు లాంటివి ఒక్క ఎదురు పాఠంలో తేలిపోతాయి. మిగతాది కాల్‌లో సాగించుకోవచ్చు.

10. బ్యాండ్‌లో పెట్టి చూడండి

జాజ్ బ్యాండ్ దొరకదని ఆగకండి. నాలుగు బీట్ల నడకకు సరిపోయే పాట చర్చిలో ఉంటుంది, పాత సినిమా పాటల మెలోడీలో ఉంటుంది. డ్రమ్మర్‌కు ముందే చెప్పండి, "అన్నా, ఈ పాటకు కిక్ తగ్గించి హైహ్యాట్ రెండూ నాలుగు మీద ఉంచు" అని. ఆ ఒక్క మాటతో సగం పని అవుతుంది.

అసలు చిక్కు కీబోర్డ్ దగ్గర. మన వైపు బ్యాండ్లలో చాలాకాలం బేసిస్ట్ లేకుండా నడిచింది కాబట్టి కీబోర్డ్ వాయించేవాళ్ల ఎడమ చేతికి బేస్ వాయించే అలవాటు గట్టిగా పడింది. మీరు ఒక రూట్ వేస్తే ఆయన ఇంకోటి వేస్తారు, కింద అంతా గుడగుడమంటుంది, తప్పు మీదే అనుకుంటారు. రిహార్సల్‌కు ముందే మర్యాదగా అడగండి. "గురూ, ఈ పాటకు లెఫ్ట్ హ్యాండ్ బేస్ నాకు వదిలేయండి, మధ్య ఆక్టేవ్ పైన ఉంచండి." ఒప్పుకుంటారు. మొదటి చరణం వచ్చేసరికి మర్చిపోతారు కూడా. అందుకని ఆయన ఎడమ చెయ్యి కనపడే చోట నిలబడండి.